కాగితం ట్వీటర్: పాత స్పీకర్ డబ్బాలో మెత్తటి గొంతు

సికింద్రాబాద్‌లో పాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు చాలా కుటుంబాల్లో ఒక చర్చ తప్పకుండా వస్తుంది. అటక మీద నుంచి బట్ట కప్పిన రెండు చెక్క స్పీకర్ డబ్బాలు కిందికి దిగుతాయి. పిల్లలు "కబాడీవాలాకి ఇచ్చేద్దాం" అంటారు. దాదీ మాత్రం ఒప్పుకోరు. "అవి మీ దాదా జెద్దా నుంచి తెచ్చినవి" అంటారు. డబ్బా ముందున్న జాలీ తీసి చూస్తే కింద ఒక పెద్ద నల్ల కోన్, పైన అరచేతిలో పట్టేంత చిన్న కోన్ కనిపిస్తాయి. రెండూ కాగితంతో చేసినవే. ఆ చిన్నదాన్ని ట్వీటర్ అంటారు.

ఇప్పుడు షాపుల్లో దొరికే హై-ఫై స్పీకర్లలో ట్వీటర్ ఎక్కువగా పట్టు గుడ్డతోనో, అల్యూమినియంతోనో, టైటానియంతోనో చేసిన చిన్న గుమ్మటంలా ఉంటుంది. అయినా కాగితం ట్వీటర్‌ను వెతికి మరీ కొనేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. దాని ఆకర్షణ ఏమిటి, అది ఎక్కడ తేలిపోతుంది, ఇంట్లో ఉన్నది పాడైతే ఏం చూడాలి అన్నది తెలుసుకుంటే, డబ్బాను పారేయాలా బాగు చేయించాలా అన్నది తేల్చుకోవడం తేలిక.

ట్వీటర్ పని ఏమిటి

మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. వయసు పెరిగే కొద్దీ పై హద్దు తగ్గుతూ వస్తుంది. ఢోలక్ దెబ్బ, తబలాలోని బాయా లాంటి కింది శబ్దాలకు పెద్ద కోన్ కావాలి. అదే వూఫర్. సారంగి తీగ మీద గజం రాపిడి, చప్పట్ల పదును, గొంతులోని ఊపిరి లాంటి పై శబ్దాలకు తేలికైన చిన్న కోన్ కావాలి. అదే ట్వీటర్. రెండు స్పీకర్లున్న డబ్బాలో సాధారణంగా 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య ఎక్కడో పని చేతులు మారుతుంది.

ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఈ విషయం చెప్పడానికి ఒక మాట ఉంది. ఉచ్చారణ శుభ్రంగా ఉన్నవాళ్లను "షీన్-ఖాఫ్ దురుస్త్" అంటారు. ఆ షీన్ శబ్దం, దానికంటే సన్నని సీన్ శబ్దం చాలావరకు ట్వీటర్ చేతిలోనే ఉంటాయి. సీన్‌లోని బలమంతా సుమారు 5,000 హెర్ట్జ్ పైనే. ట్వీటర్ పనిచేయకపోతే గజల్ గాయకుడి గొంతు దుప్పటి కప్పుకొని పాడినట్టు వినిపిస్తుంది. ట్వీటర్ మరీ కటువుగా ఉంటే ప్రతి సీన్ చెవిలో సూదిలా గుచ్చుకుంటుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ నిలబడుతుందన్న దాని మీదే మంచి ట్వీటర్ విలువ ఉంటుంది.

కాగితం ఎందుకు

ఇప్పుడు మనం వాడే స్పీకర్ పద్ధతికి మూలం 1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ ప్రకటించిన పని. అయస్కాంతం సందులో సన్నని రాగి తీగ చుట్ట, ఆ చుట్టకు అంటించిన కాగితపు కోన్. తీగలో కరెంటు మారితే చుట్ట ముందుకూ వెనక్కీ కదులుతుంది, కోన్ గాలిని తోస్తుంది. వందేళ్లు గడిచినా ఆ ఏర్పాటు మారలేదు. కోన్‌కు కాగితం వాడటమూ ఆగలేదు.

దీనికి కాగితం చవక అన్నది ఒక కారణం మాత్రమే. స్పీకర్ కోన్‌కు మూడు గుణాలు కలిసి ఉండాలి. తేలిగ్గా ఉండాలి, గట్టిగా ఉండాలి, కదలిక ఆగగానే తన మోత తను ఆపుకోవాలి. స్టీలు గ్లాసును చెంచాతో కొడితే చాలాసేపు మోగుతుంది. అట్టముక్కను కొడితే "టప్" అని ఆగిపోతుంది. కాగితంలో పొట్టీ పొడుగూ పీచులు అడ్డదిడ్డంగా అల్లుకొని ఉంటాయి. కంపనం ఆ పీచుల మధ్య రాపిడిలో కరిగిపోతుంది. దీన్నే ఇంజనీర్లు డాంపింగ్ అంటారు. లోహం గట్టిది, కానీ మోగే చోట ఒకే స్వరం మీద గట్టిగా మోగుతుంది. కాగితం అంత గట్టిది కాదు, కానీ దాని మోత అనేక చోట్ల కొద్దికొద్దిగా చెదిరిపోతుంది. ఒక్కచోట పొడుచుకు రాదు.

గుమ్మటం ఆకారం ట్వీటర్లు తర్వాత వచ్చాయి. అమెరికాలో ఎడ్గర్ విల్చర్ స్థాపించిన ఎకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ 1958లో తెచ్చిన ఏఆర్-3 స్పీకర్ డోమ్ ట్వీటర్లకు దారి వేసింది. విచిత్రమేమిటంటే అదే కంపెనీ 1965లో సామాన్యుల కోసం తెచ్చిన ఏఆర్-4ఎక్స్‌లో రెండున్నర అంగుళాల కోన్ ట్వీటరే పెట్టింది. ఆ స్పీకర్‌ను నేటికీ బాగు చేయించుకుని వినేవాళ్లున్నారు. 1975లో వచ్చిన బోస్ 301 లోనూ ట్వీటర్లు కాగితపు కోన్‌లే.

చెవికి ఎందుకు నచ్చుతుంది

మొదటి కారణం, కింద కోన్, పైన కోన్ ఒకే పదార్థం కావడం. గొంతు అనేది వూఫర్‌లో సగం, ట్వీటర్‌లో సగం పలుకుతుంది. కింద కాగితం, పైన లోహం ఉన్నప్పుడు డిజైన్ సరిగ్గా కుదరకపోతే ఒకే మనిషి రెండు గొంతులతో పాడినట్టు అనిపిస్తుంది. రెండూ కాగితమే అయితే ఆ అతుకు తక్కువగా తెలుస్తుంది. ఖవ్వాలీలో ముఖ్య గాయకుడి గొంతు కింద నుంచి పైకి ఒక్క గుక్కలో ఎక్కినప్పుడు ఈ తేడా బాగా బయటపడుతుంది.

రెండో కారణం, తక్కువ కరెంటుకే గట్టిగా పలకడం. కోన్ వైశాల్యం చిన్న డోమ్ కంటే ఎక్కువ. అందుకే కాగితం ట్వీటర్లు చాలావాటికి సెన్సిటివిటీ ఎక్కువగా ఉంటుంది. మూడు డెసిబెల్స్ ఎక్కువ పలికే స్పీకర్‌కు అదే శబ్దానికి సగం వాట్లు చాలు. వాల్వు రేడియోలు, పాత ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లు కొద్ది వాట్లే ఇచ్చేవి కాబట్టి ఈ జోడీ బాగా కుదిరింది.

మూడో కారణం, పైభాగంలో మెల్లగా తగ్గడం. పాత కాగితం ట్వీటర్లు చాలావరకు 12,000 నుంచి 15,000 హెర్ట్జ్ దాటాక నీరసించిపోతాయి. కొలతల పట్టికలో ఇది లోపమే. కానీ గంటల తరబడి వినేవాళ్లకు చెవి అలసిపోదు.

హైదరాబాద్, సికింద్రాబాద్ ఇళ్లకు ఎలా వచ్చింది

హైదరాబాద్ నగరంలో మొదలైన దక్కన్ రేడియోను 1935లో నిజాం ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది. 1950లో అది ఆలిండియా రేడియోలో కలిసింది. ఆ రోజుల్లో రేడియో అంటే చెక్క పెట్టె, వేడెక్కే వాల్వులు, మధ్యలో ఒకే కాగితపు స్పీకర్. 1950లలో జర్మనీ నుంచి వచ్చిన గ్రుండిగ్, టెలిఫుంకెన్ లాంటి పెద్ద సెట్లలో ముందు పెద్ద స్పీకర్‌తో పాటు పక్కలకు చిన్న ట్వీటర్లు పెట్టడం మొదలైంది. శబ్దం గది అంతా నిండాలన్నది ఉద్దేశం. ఒకే స్పీకర్ ఉన్న సెట్లలో పెద్ద కోన్ మధ్యలోనే గరాటులాంటి చిన్న కాగితపు కోన్ అంటించేవారు. దాన్ని విజ్జర్ అంటారు. ఈ రెండు కోన్‌ల పద్ధతి ఇంగ్లండ్‌లో పాల్ వోయిట్ 1930లలో చేసిన పనితో పేరుకెక్కింది.

1952లో రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ గొంతుతో బినాకా గీత్‌మాలా మొదలైంది. 1957లో వివిధ్ భారతి వచ్చింది. ఈ ఊళ్లలో ఆ తరం మనసులో ఉన్న పాట కాగితం మీదుగా వచ్చిన పాటే. మన దేశంలోనూ స్పీకర్ల తయారీ పెరిగింది. డెన్మార్క్‌కు చెందిన పీర్‌లెస్ పేరుతో ముంబయిలో స్పీకర్లు తయారయ్యాయి. 1970లో కలకత్తాలో సోనోడైన్ మొదలైంది.

తర్వాత గల్ఫ్ కాలం. 1970ల నుంచి హైదరాబాద్, సికింద్రాబాద్ ముస్లిం కుటుంబాల నుంచి ఎంతోమంది సౌదీ, కువైట్, దుబాయ్ వెళ్లారు. సెలవుకు వచ్చేటప్పుడు సూట్‌కేస్‌తో పాటు టూ-ఇన్-వన్ దిగేది. కొంచెం నిలదొక్కుకున్నవాళ్లు విడిగా డెక్, రెండు స్పీకర్లు తెచ్చేవారు. వాటిలోనూ ట్వీటర్లు ఎక్కువగా చిన్న కాగితపు కోన్‌లే. ఫోన్ చేయడం ఖరీదైన ఆ రోజుల్లో ఉత్తరం బదులు క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. అబ్బా గొంతు వినడానికి ఇల్లంతా ఆ డబ్బా చుట్టూ కూర్చునేది. అటక మీద డబ్బాను దాదీ పారేయనివ్వకపోవడానికి కారణం ఇదే. డబ్బాతో పాటు ఆ క్యాసెట్లు కూడా ఎక్కడో ట్రంకు పెట్టెలో ఉండే ఉంటాయి.

క్యాసెట్‌కు సరిపోయే కొలత

కాగితం ట్వీటర్ ఎందుకు తృప్తిగా వినిపిస్తుందో తెలియాలంటే ఎదురుగా ఏం మోగుతోందో చూడాలి. మీడియం వేవ్ రేడియోలో వచ్చే శబ్దం సుమారు 4,500 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. ఎఫ్ఎం 15,000 వరకు వస్తుంది. మామూలు క్యాసెట్, మామూలు డెక్ మీద 12,000 దాటితే గొప్ప. పైన మిగిలేది టేపు "స్‌స్‌స్" మాత్రమే. అంటే కాగితం ట్వీటర్ ఆగిపోయే చోటికి కాస్త అటూఇటూగానే ఈ రికార్డింగులూ ఆగిపోతాయి. 20,000 దాకా పలికే లోహపు ట్వీటర్ పెడితే అదనంగా వినిపించేది ఎక్కువభాగం ఆ బుసే.

నలభై ఏళ్ల కిందటి క్యాసెట్‌లో ఒక మనిషి గొంతు వినాలనుకునేవాళ్లకు అందుకే పాత డబ్బా చక్కగా సరిపోతుంది. హైదరాబాద్ ఖవ్వాల్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ, గజల్ గాయకుడు విఠల్ రావు లాంటి వాళ్ల పాత రికార్డింగుల విషయంలోనూ ఇంతే. 1982లో వచ్చిన సీడీ, ఆ తర్వాతి మంచి డిజిటల్ రికార్డింగుల్లో మాత్రం పైభాగం నిజంగానే ఉంటుంది. అక్కడ మంచి డోమ్ ట్వీటర్ ముందుంటుంది.

లోపాలూ తెలియాలి

కాగితం ట్వీటర్ శబ్దాన్ని ఎక్కువగా ఎదురుగానే పంపుతుంది. 10,000 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు సుమారు 3.4 సెంటీమీటర్లు. కోన్ అంతకంటే వెడల్పైతే పై శబ్దం టార్చి వెలుగులా ముందుకు పోతుంది, పక్కన కూర్చున్నవాళ్లకు తగ్గుతుంది. అంగుళం వెడల్పు డోమ్ దీనికంటే బాగా పరుస్తుంది. అందుకే ఇలాంటి స్పీకర్లను చెవి ఎత్తులో పెట్టి, కూర్చునే చోటు వైపు కొద్దిగా తిప్పాలి. నేల మీద పెట్టి వింటే సగం గుణం పోతుంది.

ఇంకొకటి, అన్ని కాగితం ట్వీటర్లూ మంచివి కావు. చవక సెట్లలో వాడినవి కొన్ని గరగరలాడతాయి. కొన్ని టూ-ఇన్-వన్‌లలో ట్వీటర్‌లా కనిపించేది ఉత్త ప్లాస్టిక్ అలంకారం. వెనక తీగలు వెళ్తున్నాయో లేదో చూస్తే నిజం తెలుస్తుంది. తేమ కూడా కాగితానికి శత్రువే. మచిలీపట్నం, విశాఖ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఇది ఇంకా ఎక్కువ. గోడకు ఆనించి, వానాకాలం చెమ్మలో వదిలేసిన డబ్బాలో కోన్ మెత్తబడుతుంది. సిల్వర్ ఫిష్ పురుగులు, ఎలుకలు మిగతా పని చేస్తాయి.

మసీదులు, సభల్లో వాడే హారన్ లౌడ్‌స్పీకర్లతో దీన్ని పోల్చకూడదు. అవి మాటను దూరం పంపడానికి చేసినవి. కాగితం ట్వీటర్ ఒక గదిలో కూర్చొని వినడానికి చేసినది.

పాడైతే ముందు ఏం చూడాలి

పాత డబ్బా మందంగా పలుకుతుంటే చాలామంది "కాగితం పాతబడింది" అనుకుంటారు. చాలాసార్లు దోషం కెపాసిటర్‌ది. ట్వీటర్‌కు కింది శబ్దాలు పోకుండా ఆపడానికి దాని తీగలో ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. పాత డబ్బాల్లో అది బైపోలార్ ఎలక్ట్రోలిటిక్ రకం. దశాబ్దాలు గడిస్తే లోపలి ద్రవం ఎండిపోయి ట్వీటర్‌కు శబ్దం సరిగా చేరదు. ఈ భాగానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ.

ఇంట్లో చేయగల పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఆంప్లిఫయర్ ఆపి, తీగలు ఊడదీశాకే వీటిని చేయాలి.

1. ట్వీటర్ నుంచి ఒక తీగ విడదీసి మల్టీమీటర్ పెట్టాలి. 8 ఓమ్‌ల ట్వీటర్ అయితే 6, 7 ఓమ్‌ల దగ్గర చూపించాలి. చాలా మీటర్లలో ముల్లు తాకినప్పుడు సన్నగా "టిక్" మంటుంది. అలా ఉంటే కాయిల్ బతికే ఉంది.

2. మీటర్ ఏమీ చూపించకపోతే కాయిల్ తెగింది. తెగింది బయటి తీగ అతుకు దగ్గరైతే టంకం పెట్టి బాగు చేయవచ్చు. లోపల కాలిపోతే ట్వీటర్ మార్చాల్సిందే.

3. కాయిల్ బాగుండి శబ్దం మందంగా ఉంటే కెపాసిటర్ మార్చాలి. దాని మీద రాసిన విలువే మళ్లీ వేయాలి. 8 ఓమ్‌ల ట్వీటర్‌కు 4.7 మైక్రోఫారడ్ ఉంటే సుమారు 4,200 హెర్ట్జ్ దగ్గర నుంచి ట్వీటర్ పని మొదలవుతుంది. 2.2 అయితే 9,000 దగ్గర నుంచి. "పెద్దది వేస్తే బాగా పలుకుతుంది" అని విలువ పెంచితే కింది శబ్దాలు కూడా వచ్చి కాయిల్ కాలిపోతుంది. రెండు డబ్బాల్లోనూ ఒకేసారి మార్చాలి, లేకపోతే కుడి ఎడమలు వేరుగా పలుకుతాయి.

4. కోన్ చిరిగితే దాని మీద ఫెవికాల్ పూయకూడదు. ట్వీటర్ కోన్ చాలా తేలికైనది. జిగురు బరువు పడితే పై శబ్దం చచ్చిపోతుంది. చిన్న చిరుగుకు పల్చని టిష్యూ కాగితం ముక్క, చుక్క జిగురు చాలు.

5. దుమ్ము మెత్తటి కుంచెతో తుడవాలి. తడి గుడ్డ, వాక్యూమ్ క్లీనర్ వద్దు.

వాల్వు రేడియో వెనక మూత మాత్రం ఇంట్లో తెరవకూడదు. ప్లగ్ తీసినా లోపల ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉండవచ్చు. అది తెలిసిన మెకానిక్ చేయాల్సిన పని.

కాగితం ట్వీటర్లు ఎక్కువగా కాలిపోయేది పెళ్లిళ్లలో, దావతుల్లో. చిన్న ఆంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి పెంచితే శబ్దం చీలిపోతుంది. ఆ చీలిన శబ్దంలో పై భాగం బాగా పెరిగి నేరుగా ట్వీటర్ మీద పడుతుంది. శబ్దం చీలినట్టు వినిపించగానే వాల్యూమ్ తగ్గించడమే దీనికి మందు.

ఎక్కడ దొరుకుతాయి

సికింద్రాబాద్‌లో ఉండేవాళ్లు విడిభాగాల కోసం కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లడం పాత అలవాటే. కెపాసిటర్లు, తీగ, టంకం అన్నీ అక్కడ దొరుకుతాయి. పాత సెట్ల నుంచి తీసిన స్పీకర్ల కోసం ఎర్రగడ్డ ఆదివారం సంతలో వెతుకుతారు. వాల్వు రేడియోల బాగుకు పాతబస్తీ ఛత్తా బజార్‌లోని మహబూబ్ రేడియో సర్వీస్‌కు దశాబ్దాల పేరుంది.

కొనేముందు మూడు చూసుకోవాలి. ఓమ్‌లు పాతదానితో సమానంగా ఉండాలి. రెండూ ఒకే రకం జత కావాలి. కోన్‌ను వేళ్లతో రెండు వైపులా సమానంగా, మెల్లగా నొక్కితే లోపల గీసుకున్న చప్పుడు రాకూడదు. కాలిపోయిన కాగితం ట్వీటర్ బదులు పీజో ట్వీటర్ పెట్టేస్తామని కొందరు మెకానిక్‌లు చెప్తారు. అది చవక, గట్టిగా పలుకుతుంది, కాయిల్ కాలే భయం లేదు. కానీ చవక పీజోల గొంతు కీచుగా ఉంటుంది. పాత డబ్బాలో అది కలవదు. ఒప్పుకునే ముందు తెలిసిన గొంతు ఒకటి పెట్టి, సీన్ ఎలా పలుకుతోందో వినడం మంచిది.

తీసిన పాత ట్వీటర్‌ను, అది కాలిపోయినా సరే, మెకానిక్ దగ్గర వదలకుండా ఇంటికి తెచ్చుకోవాలి. కొలత, అంచు రంధ్రాలు, వెనక రాసిన నంబరు రేపు జత వెతకడానికి పనికొస్తాయి.

ఇక అటక మీద డబ్బా సంగతి. కబాడీవాలా తూకం వేసి ఇచ్చేది చెక్కకూ, అయస్కాంతానికీ మాత్రమే. ఒక మల్టీమీటర్, రెండు కెపాసిటర్లు, ఒక మధ్యాహ్నం ఖర్చు పెడితే ఆ డబ్బా మళ్లీ పలికే అవకాశం బాగానే ఉంది. క్యాసెట్లు కూడా దొరికితే, డెక్ మీద ఆడుతుండగానే వాటిని ఫోన్‌లోకో కంప్యూటర్‌లోకో ఎక్కించుకోవడం మర్చిపోకూడదు. టేపు కాగితం కంటే ముందే పాడవుతుంది. అబ్బా గొంతు దాచాక, దాదీ పక్కన కూర్చొని అదే డబ్బా మీద ఒకసారి వింటే సరి.